తుపాకీ తాళంచెవి ఎవరి దగ్గర?

(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



షూటింగ్ అనే మాట వినగానే మన ఇళ్ళలో అందరికీ గుర్తొచ్చేది సినిమా షూటింగే. "మా అమ్మాయి షూటింగుకి వెళ్ళింది" అని ఏ తల్లయినా అంటే, "ఏ సినిమా అండీ?" అనే అడుగుతాం. కాని ఈమధ్య ఆ మాటకి ఇంకో అర్థం కూడా మన ఇళ్ళలోకి వచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మనూ భాకర్ అనే హర్యానా అమ్మాయి పిస్టల్‌తో గురి చూసి రెండు కాంస్య పతకాలు తెచ్చింది. అదే పోటీలకు మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ కూడా వెళ్ళింది. అంతకు ముందు 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈషా నాలుగు పతకాలు గెలుచుకుంది. అందులో ఒకటి జట్టుతో కలిసి గెలిచిన బంగారు పతకం. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ కూడా హైదరాబాదులో పెరిగినవాడే.

ఇవన్నీ టి.వి.లో చూసి మీ అమ్మాయో అబ్బాయో "అమ్మా, నేనూ నేర్చుకుంటా" అన్నారనుకోండి. మనకు రెండు ప్రశ్నలు పుడతాయి. ఆడపిల్లకి తుపాకీ ఏమిటి అన్నది మొదటిది. దానికి జవాబు ఆ పతకాలే చెప్పాయి గనక వదిలేద్దాం. రెండో ప్రశ్న, మరి తుపాకీ మన ఇంట్లోకి వస్తుందా? వస్తే ఎక్కడ పెడతాం? ఇది మాత్రం తప్పకుండా అడగవలసిన ప్రశ్న. ప్రపంచంలో ఒక్కో దేశం ఈ ప్రశ్నకు ఒక్కో రకంగా జవాబు చెప్పుకుంది. ఆ జవాబుల గురించే ఈవేళ మీతో మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు ఈ ఆట ఎలాంటిదో రెండు మాటల్లో చెబుతాను. ఎయిర్ రైఫిల్ పోటీలో పది మీటర్ల దూరంలో గురి ఉంటుంది. నడిమధ్య ఉన్న పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. అంటే మన పోపులపెట్టెలోని ఆవగింజ కన్నా చిన్నది! దాన్ని కొట్టాలంటే ఊపిరి బిగబట్టాలి, మనసు నిలపాలి. ఆవేశం ఉన్నవాళ్ళు ఈ ఆటకు పనికిరారు. ఆ లెక్కన చూస్తే ఇది పిల్లలకు ఎంతో మంచి విద్య. కాని ఒక్క చిక్కుంది. క్రికెట్ బ్యాటు మంచం కింద పడేసినా, రాకెట్టు తలుపు వెనక తగిలించినా ఎవరికీ ముప్పు లేదు. తుపాకీ అలా కాదు. ఆట ముగిశాక కూడా అది తుపాకీయే. చట్టాలన్నీ పుట్టింది ఈ ఒక్క కారణంచేతనే.

మొదట మన దేశం సంగతి చూద్దాం. 1878లో తెల్లదొరలు ఒక ఆయుధాల చట్టం చేశారు. మన చేతుల్లో ఆయుధాలు ఉండకూడదన్నది వాళ్ళ భయం. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో మనం వేరే చట్టం చేసుకున్నాం. నేటికీ అదే మూలం. తుపాకీ కావాలంటే జిల్లాల్లో కలెక్టరు గారి దగ్గర, హైదరాబాదు వంటి నగరాల్లో పోలీసు కమిషనరు గారి దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. పోలీసు విచారణ జరుగుతుంది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి. 2019లో ఈ చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర మూడు తుపాకుల దాకా ఉండవచ్చునన్న దాన్ని రెండుకు తగ్గించారు. లైసెన్సు గడువును మాత్రం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు. పెళ్ళిళ్ళలోనూ ఊరేగింపుల్లోనూ సరదాకి తుపాకులు పేల్చడం శిక్షార్హమైన నేరమని అప్పుడే చేర్చారు.

మరి క్రీడాకారుల మాటేమిటి? వారికి రెండు తుపాకులు చాలవు. ఒక్కో పోటీకి ఒక్కో ఆయుధం కావాలి కదా. అందుకని 2020లో కేంద్ర హోం శాఖ వారికి వేరే వెసులుబాటు ఇచ్చింది. ఒక పోటీలో పేరు పొందినవారు ఎనిమిది, రెండు పోటీల్లో అయితే పది, అంతకు మించితే పన్నెండు దాకా ప్రత్యేకంగా ఉంచుకోవచ్చునంది. చూశారా, మామూలు మనిషికి తగ్గించి, ఆటగాడికి పెంచారు. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు కూడా శిక్షణ కోసం, నిబంధనలకు లోబడి తుపాకీ పట్టవచ్చు.

ఇక మన తల్లులకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. వాటిలో మందుగుండు ఉండదు. గొట్టం లోపలి వెడల్పు నాలుగున్నర మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్ళకు మించకపోతే మన దేశంలో లైసెన్సు అక్కరలేదు. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీకి వాడేవి ఈ తరగతిలోవే. పిల్లలు మొదలుపెట్టేదీ వీటితోనే. అలాగని ఇది ఆటబొమ్మ అనుకోకండి. దగ్గరి నుంచి తగిలితే కన్ను పోతుంది. లైసెన్సు లేదన్నంత మాత్రాన తాళం అక్కరలేదని కాదు.

ఇప్పుడు బ్రిటన్‌కి వెళదాం. స్కాట్లండ్‌లో డన్‌బ్లేన్ అనే చిన్న ఊరుంది. 1996 మార్చి 13న ఒక మనిషి అక్కడి ప్రాథమిక పాఠశాలలోకి చొరబడి, అయిదారేళ్ళ పసివాళ్ళను 16 మందిని, వాళ్ళ పంతులమ్మను కాల్చి చంపాడు. అతని దగ్గరున్న పిస్టళ్ళకు లైసెన్సుంది. గురి కొట్టే ఆట కోసమనే ఇచ్చారు. ఆ తరవాత ఆ ప్రాంతపు తల్లులు కొందరు కూడి సంతకాలు పోగుచేయడం మొదలుపెట్టారు. చలికాలం చివర అక్కడ స్నోడ్రాప్ అనే చిన్న తెల్లపువ్వు పూస్తుంది. ఆ ఘోరం జరిగినప్పుడు పూసి ఉన్నది అదేనట. ఆ పువ్వు పేరే వాళ్ళ ఉద్యమానికి పెట్టుకున్నారు. ఏడు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. 1997లో రెండు చట్టాలు వచ్చి, ఇంగ్లండు, వేల్స్, స్కాట్లండ్‌లలో పిస్టళ్ళను ప్రజల చేతుల్లోంచి దాదాపు పూర్తిగా తీసేశాయి. ఒలింపిక్స్‌లో వాడే చిన్న పాయింట్ టూ టూ పిస్టల్‌ను కూడా వదలలేదు. రైఫిళ్ళూ షాట్‌గన్నులూ మాత్రం లైసెన్సుతో ఉన్నాయి. వాటిని ఇంట్లో తాళం వేసిన బీరువాలో పెట్టాలి. అది ఎలా ఉందో పోలీసులు వచ్చి చూస్తారు.

ఏ పాపం ఎరుగని పిస్టల్ క్రీడాకారులు దీనితో ఇబ్బంది పడ్డారు. వాళ్ళు సాధన కోసం పరాయి దేశాలకు వెళ్ళవలసి వచ్చింది. 2002లో మాంచెస్టర్ కామన్‌వెల్త్ క్రీడలకూ, 2012లో లండన్ ఒలింపిక్స్‌కూ ప్రభుత్వం ప్రత్యేక అనుమతులు ఇవ్వవలసి వచ్చింది. ఇది న్యాయమా అని వాళ్ళు అడిగారు. అడగవలసిన మాటే. ఒకడు చేసిన దానికి అందరికీ శిక్షా అని. కాని పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి ఎదురుగా నిలబడి, మా ఆట సంగతేమిటి అని అడగడం ఎవరికైనా కష్టమే. బ్రిటన్ ఆ రెంటిలో ఒకటి ఎంచుకుంది.

జర్మనీ వేరే దారి పట్టింది. అక్కడ ఊరూరా షూటింగు సంఘాలున్నాయి. తాతముత్తాతల నాటి నుంచి ఉత్సవాల్లో గురి కొట్టే పోటీలు జరుపుకుంటారు. క్రీడ పేరుతో తుపాకీ కొనాలంటే కనీసం ఏడాది పాటు సంఘంలో సభ్యత్వం ఉండి, క్రమం తప్పకుండా సాధన చేసినట్టు రుజువు చూపాలి. 2002 ఏప్రిల్ 26న ఎర్‌ఫుర్ట్ నగరంలో, బడి నుంచి తీసేసిన ఒక 19 ఏళ్ళ కుర్రాడు అదే బడికి వెళ్ళి 16 మందిని చంపాడు. వాడూ ఒక షూటింగు సంఘం సభ్యుడే. అప్పటి నుంచి పెద్ద తుపాకులకు వయసు 21కి పెంచారు. ఇరవై అయిదు నిండనివారు మొదటిసారి అలాంటిది కొనాలంటే మానసిక నిపుణుల పత్రం తేవాలన్నారు.

అయినా 2009 మార్చి 11న విన్నెండెన్ అనే ఊళ్ళో మరో ఘోరం. 17 ఏళ్ళ అబ్బాయి 15 మందిని కాల్చి చంపి, తననీ చంపుకున్నాడు. ఆ తుపాకీ వాడిది కాదు, తండ్రిది. తండ్రి షూటింగు క్రీడాకారుడు. ఆయన తుపాకులన్నిటికీ అనుమతులున్నాయి. మిగిలినవన్నీ ఇనప్పెట్టెలో భద్రంగా తాళం వేసి ఉన్నాయి. ఒక్క పిస్టల్ మాత్రం పడకగదిలో, బట్టల మధ్యన ఉండిపోయింది. ఆ ఒక్కటే పదిహేను ఇళ్ళు ఆర్పింది. న్యాయస్థానం ఆ తండ్రిది నేరమే అన్నది. జైలుకు పంపకుండా నిలిపివేసిన శిక్షే అయినా, శిక్ష శిక్షే. ఆ తరవాత జర్మనీలో చట్టం మార్చి, తుపాకులు ఎలా దాచారో చూడటానికి అధికారులు చెప్పకుండానే ఇంటికి రావచ్చునన్నారు.

బట్టల బీరువా సంగతి మనకన్నా ఎవరికి బాగా తెలుసు చెప్పండి? ఏ అరలో ఏముందో, ఏ మడత కింద ఎవరు ఏం దాచారో ఇల్లాలికి తెలియకుండా ఉంటుందా? తుపాకీ చట్టాలంటే పోలీసులవీ లాయర్లవీ అనుకుంటాం. కాని విన్నెండెన్ విషయంలో చట్టం తప్పిపోయిన చోటు ఒక పడకగది.

ఈ సంగతి బాగా గ్రహించిన దేశం జపాన్. అక్కడ 1958 నాటి తుపాకుల, కత్తుల చట్టం ఉంది. షాట్‌గన్ కావాలంటే పాఠాలు వినాలి, రాత పరీక్ష రాయాలి, రేంజిలో కాల్చి చూపాలి, మానసిక ఆరోగ్యం బాగుందని డాక్టరు దగ్గర రాయించుకు రావాలి. అంతటితో అయిపోదు. పోలీసులు వచ్చి ఇంట్లోవాళ్ళనూ ఇరుగుపొరుగువాళ్ళనూ అడుగుతారు. ఈయన తాగుతాడా, తగాదా పడతాడా, అప్పులున్నాయా అని ఆరా తీస్తారు. తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట తాళం వేసి ఉంచాలి. ఏడాదికోసారి పోలీసులకు చూపించాలి. వేట కోసం రైఫిల్ అడగాలంటే అంతకు ముందు పదేళ్ళు షాట్‌గన్ సక్రమంగా వాడి ఉండాలి. ఇక పిస్టల్ అయితే క్రీడాకారులకు తప్ప మామూలు పౌరులకు లేనే లేదు. అదీ దేశం మొత్తం మీద ఒకేసారి 50 మందికి మించి ఇవ్వరు. గాలి పిస్టల్‌కు 500 మంది. పన్నెండు కోట్ల జనాభా ఉన్న దేశంలో అంతే!

కెనడాలో మరో పద్ధతి ఉంది. 1989 డిసెంబరు 6న మాంట్రియల్ నగరంలోని ఇంజనీరింగు కాలేజీలో ఒకడు 14 మంది స్త్రీలను, స్త్రీలన్న కారణంతోనే చంపాడు. బతికి బయటపడిన ఆడపిల్లలు, చనిపోయినవారి కుటుంబాలు ఏళ్ళ తరబడి పోరాడగా 1995లో కొత్త చట్టం వచ్చింది. అక్కడ లైసెన్సు దరఖాస్తులో భార్య లేక భర్త సంతకానికి చోటుంటుంది. గడచిన రెండేళ్ళలో విడిపోయి ఉంటే, ఆ మాజీ భార్యనో భర్తనో కూడా అడుగుతారు. సంతకం పెట్టకపోతే అధికారులే ఆ మనిషికి కబురు చేస్తారు. "ఈయన చేతికి తుపాకీ ఇస్తున్నాం, మీకేమైనా చెప్పవలసింది ఉందా?" అన్నట్టన్నమాట. భర్త కోపం ఎంతవరకు వెళుతుందో ముందుగా తెలిసేది భార్యకే అని ఆ చట్టం ఒప్పుకుంది. 2022 అక్టోబరులో కెనడా పిస్టళ్ళ అమ్మకాలను నిలిపేసింది. 2023లో చేసిన చట్టంలో ఒలింపిక్ పోటీల్లోని క్రీడాకారులకు మాత్రం మినహాయింపు ఉంచింది.

ఇక అమెరికా. మన ఇళ్ళలో చాలామందికి కొడుకో కూతురో అక్కడున్నారు గనక ఇది పరాయి సంగతి కాదు. ఆయుధం ఉంచుకోవడం ప్రజల హక్కని 1791లోనే వారి రాజ్యాంగంలో చేర్చారు. అందుచేత "నేను ఆటగాణ్ణి" అని నిరూపించుకోవలసిన పని అక్కడ లేదు. లైసెన్సున్న దుకాణంలో రైఫిల్ కొనడానికి 18 ఏళ్ళు, పిస్టల్‌కు 21 ఏళ్ళు నిండాలన్నది దేశమంతటికీ ఉన్న నియమం. దుకాణదారు నేరచరిత్ర విచారించి అమ్ముతాడు. ఆపైన ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. ఇంట్లో తాళం వెయ్యాలన్న నియమం కొన్ని రాష్ట్రాల్లో ఉంది, కొన్నింట్లో లేదు.

మిషిగన్ రాష్ట్రంలో 2021 నవంబరు 30న 15 ఏళ్ళ విద్యార్థి ఒకడు తన బడిలో నలుగురు పిల్లల్ని చంపాడు. ఆ పిస్టల్‌ను నాలుగు రోజుల ముందు తండ్రి కొన్నాడు. మర్నాడు తల్లి కొడుకును వెంటబెట్టుకుని రేంజికి తీసుకెళ్ళి సాధన చేయించింది. ఆ తల్లిదండ్రులిద్దరికీ 2024 ఏప్రిల్‌లో పదేసి ఏళ్ళకు తక్కువ కాని జైలుశిక్ష పడింది. బడిలో పిల్లవాడు జరిపిన ఇలాంటి హత్యాకాండకు కన్నవాళ్ళను దోషులనడం ఆ దేశంలో అదే మొదటిసారి. పిల్లలున్న ఇంట్లో తుపాకీకి తాళం వెయ్యాలన్న చట్టం ఆ రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. ఆ నలుగురికీ అది ఆలస్యమే.

ఇన్ని దేశాలు తిరిగి వచ్చాం. ఏం తేలింది? ఒక దేశం ఆయుధాన్నే తీసేసింది. ఒకటి మనిషిని ఏడాది పరీక్షించి ఇస్తుంది. ఒకటి ఇంటిల్లిపాదినీ అడిగి ఇస్తుంది. ఒకటి హక్కని ఇచ్చేసి, తరవాత కోర్టులో నిలదీస్తుంది. ఏది సరైనదని వాదించుకుంటే రోజంతా చాలదు. కాని ఇంట్లో తుపాకీ ఉన్న చోటల్లా చివరికి మిగిలేది ఒక్క ప్రశ్న. ఆట లేని వేళ అది ఎక్కడ ఉంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఇది మనకు కొత్త ప్రశ్న కాదు. పాండవులు అజ్ఞాతవాసానికి వెళుతూ ఆయుధాలను వెంటబెట్టుకుపోలేదు, ఎవరింట్లోనూ పెట్టలేదు. ఊరి బయట శ్మశానం దగ్గర జమ్మిచెట్టు ఎక్కించి, ఎవరూ దాని దరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. అర్జునుడంతటి విలుకాడు కూడా అవసరం లేని రోజుల్లో గాండీవాన్ని చేతికందనంత దూరంలో ఉంచాడు. దసరానాడు జమ్మిచెట్టుకు ప్రదక్షిణం చేసేటప్పుడు ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పండి.

మీ పిల్లలు ఈ విద్య నేర్చుకుంటామంటే నిరభ్యంతరంగా పంపండి. కాని నాలుగు విషయాలు చూసుకోండి. ఒకటి, గాలి తుపాకీతోనే మొదలుపెట్టించండి. మొదట్లో క్లబ్బులో ఉన్నదానితోనే నేర్చుకోనివ్వండి, కొనడానికి తొందరపడవద్దు. రెండు, చేర్చే ముందు మీరే స్వయంగా వెళ్ళి చూడండి. శిక్షణ ఇచ్చేవారు ఎవరు, సాధన అయ్యాక ఆయుధాలు ఎక్కడ పెడుతున్నారు, లెక్క రాసుకుంటున్నారా అని అడగండి. అడిగితే విసుక్కునే చోటికి పిల్లను పంపకండి. మూడు, ముందు ముందు లైసెన్సు తుపాకీ ఇంటికి వస్తే దానికి ప్రత్యేకంగా ఇనప బీరువా ఉండాలి. తూటాలు మరో తాళంలో ఉండాలి. చీరల మడతల్లో, పరుపు కింద, దేవుడి గూట్లో పెట్టడం తాళం వెయ్యడం కాదు. తాళంచెవి లైసెన్సున్న మనిషి దగ్గరే ఉండాలి. అది ఎక్కడుంటుందో పిల్లలకు తెలియకూడదు. ఇంట్లో ఎవరి మనసైనా బాగా లేని రోజుల్లో, తాగుడో తగాదాలో ఉన్నచోట, ఆ తుపాకీ ఇంట్లో ఉండటానికి వీల్లేదని గట్టిగా చెప్పండి. మన మాట వినకపోతే పోలీసువారికి చెప్పడం తప్పు కాదు. అది కాపురం కూల్చడం కాదు, నిలబెట్టడం.

నాలుగోది అమెరికాలో మనవల దగ్గరికి వెళ్ళే అమ్మమ్మలకూ నాయనమ్మలకూ. పిల్లల్ని ఆటకు వేరే ఇంటికి పంపేటప్పుడు, "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉంచారా?" అని ముందుగా అడగమని అక్కడి పిల్లల డాక్టర్లే చెబుతున్నారు. మన కోడలో కూతురో మొహమాటపడితే మీరు ధైర్యం చెప్పండి. పిల్లకు వేరుశనగ పడదని చెప్పడానికి మొహమాటపడతామా? ఇదీ అంతే.

గురి చూసే పిల్లకు స్థిరమైన చెయ్యి కావాలి. ఆ పిల్ల ఇంట్లోవాళ్ళకు స్థిరమైన అలవాటు కావాలి. పతకం పిల్ల తెస్తుంది, తాళం సంగతి మనం చూసుకుందాం.